ఇల్లుబండిలో సిద్దమ్మవ్వ చోటు

నేను ఇంట్లో పుట్టలేదు, ఆసుపత్రిలోనూ పుట్టలేదు. దేవనకొండకూ ఆస్పరికీ నడుమ, నల్లరేగడి చేల పక్కన ఆగిన ఒక బండిలో పుట్టాను. ఈ సంగతి మా అమ్మ వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పి నా పరువు తీసేది. బడిలో పిల్లలు నన్ను చాలాకాలం ‘బండి ఎస్తేరు’ అనే పిలిచారు. అప్పట్లో ఆ బండి పేరు ఎత్తితేనే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు యాభై దాటాక, అదే బండిని లారీ మీద తెచ్చి మా షెడ్డు ముందు దించుతుంటే, కుట్టుమిషను వదిలేసి కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తాను.

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద మాది రేకుల షెడ్డు. నా మొగుడు సామ్సన్ బస్సులకూ లారీలకూ బాడీలు కడతాడు. చెక్క, రేకు, ఇనుము ఆయన వంతు. సీట్లు, పరుపులు, పరదాలు నా వంతు. బోర్డు మీద ఆయన పేరు బారెడు, నా పేరు బెత్తెడు. పెయింటరుకు చోటు చాలలేదట. ఆ చాలని చోటు గురించి నేను ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా ఆయనతో పోట్లాడుతూనే ఉంటాను.

బండిని తెచ్చినతని పేరు ఉదయ్. హైదరాబాదు దగ్గర కొత్తగా కట్టిన పాత బండ్ల మ్యూజియంలో ఉద్యోగం. వయసు ముప్పై దాటి ఉంటుంది, మాట మెత్తన, మనిషి మర్యాదస్తుడు. “ఇది చాలా అరుదైన మోటార్ హోమ్ అమ్మా, ఇలాంటివి ఇప్పుడు వెతికినా దొరకవు” అన్నాడు.

“మా తట్టు దీన్ని అట్ల ఎవురూ అనరు సారూ. ఇల్లుబండి అంటారు” అన్నాను.

ఎవరో దొర వేటకు తిరగడానికి చేయించుకున్న బండి అది. లోపల పడుకోవడానికి బల్లమంచం, వంటకు చిన్న గట్టు, నీళ్లతొట్టి; బయట కిటికీ పక్కన, పైకి ఎక్కడానికి ఇనుప నిచ్చెన. దొర వెళ్లిపోయాక బళ్లారిలో ఎవరెవరి చేతులో మారి, చివరికి డాక్టర్ ఈశ్వరమ్మ కొనుక్కుంది. ఆమె పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఆ బండిలోనే కాపురం పెట్టి, రోడ్లు లేని మెట్ట ఊళ్లు తిరిగి కాన్పులు చేసింది. ఆమె పోయాక బండి ఆదోనిలో ఒక పత్తి గోదాములో పడి ఉంది. కోళ్లు గుడ్లు పెట్టాయి, ఎలుకలు పరుపు తినేశాయి, చెదలు తలుపు తినేశాయి. ఇనుము కాబట్టి నిచ్చెన ఒక్కటే ఎవరికీ లొంగలేదు.

“ఇంజను పని వేరేచోట అయిపోయింది. బాడీ, లోపలి పని మీరు చేయాలి. ఈ పక్కనే తిరిగిన బండి కదా, ఈ ఊరి చేతులతోనే బాగుపడితే బాగుంటుందని మా వాళ్లను ఒప్పించాను” అన్నాడు ఉదయ్. ఆ ఒక్క మాటకు నేను ఆ అబ్బాయి చేసే తప్పులన్నీ ముందుగానే క్షమించేశాను. తప్పులు చేస్తాడని నాకు అనుమానం లేదు.

పని మొదలైంది. సామ్సన్ కుళ్లిన చెక్క తీసి టేకు వేశాడు. రేకు మీద తుప్పు గీకుతుంటే లోపలి నుంచి పాత నీలం రంగు బయటపడింది. ఆ రంగు చూసి ఆయన చిన్నపిల్లాడిలా నన్ను కేక వేశాడు. “మే ఎస్తేరూ, బిరీన రా! నీ పుట్టినిల్లు రంగు సూడు!” నేను చేతులు తుడుచుకుంటూ పోయి ఆ నీలం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. మా అమ్మ చెప్పిన కథంతా అప్పుడు గుర్తుకొచ్చింది.

నేను పుట్టగానే ఏడవలేదట. ఒళ్లంతా నీలిరంగు తిరిగిందట. డాక్టరమ్మ మా అమ్మ ప్రాణం నిలబెట్టే పనిలో ఉంటే, ఆయమ్మగా ఉన్న సిద్దమ్మ నన్ను చేతుల్లోకి తీసుకుని, ముక్కూ నోరూ తుడిచి, తన నోటితో ఊపిరి ఊదిందట. ఊదుతూ ఊదుతూ తిట్టిందట కూడా, “ఏడువే మొండిదానా, ఏడువు” అని. నేను ఏడిచాను. అప్పట్నుంచి ఈ నోరు మూతపడలేదని సామ్సన్ అంటాడు. ఆ మాట నిజమే, దానికి నేను సిగ్గుపడను.

సిద్దమ్మవ్వ ఇప్పుడు ఎమ్మిగనూరులో తమ్ముడి కూతురు హనుమంతమ్మ దగ్గర ఉంటుంది. ఎనభై దాటినా మగ్గాల వాళ్లకు నూలు కండెలు చుట్టి ఇస్తూనే ఉంటుంది. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతి క్రిస్మసుకూ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ఆమె కాళ్లు మొక్కించేది. అమ్మ పోయాక నేనే వెళ్తున్నాను. మొక్కబోతే కాళ్లు వెనక్కి తీసుకుంటుంది. “నేనేం సేసినానే, ఏడిసింది నువ్వే గదా” అంటుంది.

బల్లమంచానికి పరుపు కొలతలు తీసుకుంటున్నప్పుడు ఉదయ్ తన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. మ్యూజియంలో బండిని ఎలా నిలబెడతారో గీసిన బొమ్మ అది. బండి లోపల రెండు ఫైబరు బొమ్మలు పెడతారట. మంచం మీద డాక్టరమ్మ ఆనుకుని పుస్తకం చదువుతూ ఉంటుంది. కింద ఆయమ్మ కూర్చుని ఆమె కాళ్లు పడుతూ ఉంటుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎవురు సెప్పినారు సారూ, సిద్దమ్మవ్వ కాళ్లు పడతాండె అని?”

“ఎవరూ చెప్పలేదమ్మా. బొమ్మలు చేసే ఆర్టిస్టు అలా ఊహించాడు. బండిలో మంచం ఒకటే ఉంది కదా. ఆయమ్మ ఎక్కడ ఉండేదో మాకు తెలియదు.” అతను నొచ్చుకున్నాడు. “మీకు తెలిస్తే చెప్పండి, అలాగే పెడదాం. నెలాఖరుకు బండి వెళ్లిపోతుంది. అక్కడ చుట్టూ అద్దాలు బిగించాక లోపల ఏమీ మార్చనివ్వరు.”

బండి వెళ్లేలోగా ఆ బండిలో సిద్దమ్మవ్వ చోటు ఏదో తెలుసుకోవాలి. లేకపోతే నాకు ఊపిరి పోసిన మనిషి జనం చూస్తుండగా కలకాలం కాళ్లు పడుతూ కూర్చుంటుంది. నా పేరు బోర్డు మీద బెత్తెడే ఉంటే నేను పోట్లాడుకుంటాను. ఆమె పోట్లాడే రకం కాదు.

మరుసటి రోజే బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లాను. సిద్దమ్మవ్వ వాకిట్లో రాట్నం ముందు కూర్చుని ఉంది. ఇల్లుబండి బాగుచేస్తున్నామని చెబితే రాట్నం ఆపి నా ముఖంలోకి చూసింది. “బతికే ఉండాదా అది!” అంది. మనిషి గురించి అడిగినట్టే అడిగింది.

“బతికే ఉండాది. అవ్వా, ఒగటి సెప్పు. బండిలో నువ్వు యాడ పండుకుంటాంటివి?”

ఆమె చూపు దించుకుంది. “యాడో ఒగచోట. ఆ పొద్దుల్లో నిద్ర ఎవురికి ఉండె?”

“యాడో ఒగచోట అంటే యాడ? కిందనా?”

“హనుమంతూ, పాపకు మజ్జిగ తే” అని లోపలికి కేక వేసింది. మజ్జిగ వచ్చింది, జొన్నరొట్టె వచ్చింది, వేరుశనగ పొడి వచ్చింది. నా ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు.

చెప్పడానికి ఇష్టం లేదంటే నేల మీదే అయి ఉంటుందని తేల్చేసుకున్నాను. తిరుగు బస్సులో కూర్చుని డాక్టరమ్మను మనసులోనే కడిగేశాను. రాత్రంతా కాన్పుల దగ్గర చాకిరీ చేయించుకుని, తాను మెత్తగా మంచమెక్కి, ఈ మనిషిని చలిలో ఇనుపరేకు మీద పడుకోబెట్టిందా? చదువుకున్నామె, దేవత అని ఊళ్లన్నీ మొక్కినామె! బస్సు దిగేసరికి ఆ దేవతకు నా దగ్గర మిగిలిన మర్యాద ఏమీ లేదు.

అయినా పని పనే. ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ, నీలం గళ్లది, మేలైనది చూసి తెచ్చాను. మంచానికి పరుపు, బిడ్డను వేసే చిన్న మెత్త, దిండు, కిటికీకి పరదా, అన్నీ ఆ గుడ్డతోనే కుట్టాను. పని అప్పగించే ముందు అరచేత్తో రెండు చరుపులు చరిచి, గుంట లేకుండా సాపు చేయడం నా అలవాటు. ఆ చప్పుడు వినగానే సామ్సన్ ఎక్కడున్నా వీపు తడుముకుంటాడు. ఈసారి నాలుగు ఎక్కువే చరిచాను. ఉదయ్ వచ్చి చూసి “అద్భుతంగా ఉందమ్మా” అన్నాడు. అంత బాగా నేనెప్పుడూ కుట్టలేదని నాకూ తెలుసు.

సిద్దమ్మవ్వకు చూపించకుండా ఉండలేకపోయాను. మాకు తెలిసిన ఆటోడ్రైవరు మద్దిలేటిని పంపించి ఎమ్మిగనూరు నుంచి రప్పించాను. హనుమంతమ్మ చెయ్యి పట్టుకుని దిగింది. బండిని చూసి కాసేపు కదలలేదు. తర్వాత దగ్గరికి వచ్చి, ఎద్దు మెడ నిమిరినట్టు ముందు మడ్‌గార్డు నిమిరింది. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

“దీని ఋణం మాకు తీరేది కాదమ్మా. ఎన్ని ఊళ్లు తిరిగింది, ఎందర్ని మోసింది” అంది. సామ్సన్ తల తిప్పుకుని సుత్తి కోసం వెతకసాగాడు. సుత్తి ఆయన చేతిలోనే ఉంది.

ఆమెను మెల్లగా లోపలికి ఎక్కించాం. గట్టు చూసింది, నీళ్లతొట్టి చూసింది, తల ఆడించింది. మంచం దగ్గరికి వచ్చి పరుపు మీద వేలు పెట్టింది. వెంటనే తీసేసింది.

“ఏంది ఈ కొత్తగుడ్డ?”

“మగ్గం గుడ్డ అవ్వా. మీ ఊరిదే.”

“మా ఊరిదైతే? పురిటి మంచం మీద కొత్తగుడ్డ పరుస్తారా ఎవురన్నా? పుట్టే బిడ్డను కొత్తగుడ్డలో ఏస్తారా? నీకు పిల్లోళ్లు పుట్టలేదా ఏంది? యాడ నేర్సినావే ఇది?”

ఈ మాట మా దగ్గర అడ్డాలబిడ్డనడిగినా చెబుతుంది. పురుడు వెళ్లేదాకా బిడ్డ ఒంటికి కొత్తగుడ్డ తగలనివ్వరు. బాగా కట్టి, బాగా ఉతికి, మెత్తబడిన పాత చీరలోనే వేస్తారు. అదీ నిండుగా బతికిన మనిషి చీర అయితే ఆ ఆయుస్సు బిడ్డకు వస్తుందని అంటారు. మేము చర్చికి పోయేవాళ్లమే అయినా, ఈ విషయంలో మా అమ్మ ఎవరి మాటా వినలేదు. నా పిల్లలిద్దర్నీ తన పాత చీరల్లోనే చుట్టింది. అన్నీ తెలిసిన నేను, మ్యూజియం అనే మాట చెవిన పడగానే ఒళ్లు మరిచి, పురిటి మంచాన్ని పెళ్లిమంచం చేసి పెట్టాను. సామ్సన్ బయట నుంచి కిసుక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

నవ్వు ఆగిన తర్వాతగానీ ఆమె అన్న మాట నాకు సరిగా బుర్రకెక్కలేదు.

“అవ్వా, పురిటి మంచం అంటాండావు. ఇది డాక్టరమ్మ పండుకునే మంచం కాదా?”

“డాక్టరమ్మ దీని మింద ఒగ పొద్దన్నా పండుకోలేదు. ఇది వచ్చిన తల్లులకే.”

“మరి డాక్టరమ్మ యాడ పండుకుంటాండె?”

సిద్దమ్మవ్వ చెయ్యెత్తి పైకప్పు చూపించింది. “మిద్దె మింద. సాప ఏసుకుని. గాలి బాగుంటాది అనేది.”

ఆ రోజు అక్కడే ఉన్న ఉదయ్ బయటికి పోయి నిచ్చెన చూసి వచ్చాడు. మెట్లు నడుమ అరిగి ఎందుకు వంగాయో సామ్సన్‌కు మొదటి రోజు నుంచీ అంతుబట్టలేదు. కాన్పులకు వచ్చే తల్లులు ఎక్కే నిచ్చెన కాదు కదా అది.

“నువ్వు యాడ పండుకుంటాంటివి మరి?” నేను వదల్లేదు.

“ఎండ ముదురుతాంది, పోతాం పాపా” అని ఆమె దిగడానికి లేచింది. ఆ రోజుకు అంతే.

డాక్టరమ్మ మిద్దె మీద పడుకునేదని విని నేను మెత్తబడ్డాను. కానీ పూర్తిగా కాదు. మంచం తల్లులదైతే, మిద్దె డాక్టరమ్మదైతే, ఈమెకు మిగిలింది నేలే కదా. మంచం కింద వేయడానికి ఒక ఈతచాప కొని తెచ్చిపెట్టాను. కాళ్లు పట్టడం కంటే అది నయమనుకున్నాను.

పరుపు తీసేసి బొంత కుట్టాలి. బొంతకు పాత చీరలు కావాలి. నా చీరలు చాలు అనుకున్నాను గానీ, మద్దిలేటి నోట్లో మాట ఆగదు. ఆటో ఎక్కిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఒక పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి ఆస్పరి నుంచి వచ్చిన ఒక ముసలామె గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో మడతపెట్టిన చీర. “నా పెద్దకొడుకు ఆ బండిలోనే పుట్టినాడమ్మా. ఆ పొద్దు నా దగ్గర ఇచ్చేదానికి ఏం లేకపోయె. ఇదన్నా తీసుకో” అంది. ఆ తర్వాత దేవనకొండ తట్టు నుంచి బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపారు. కొందరు తల్లులు బతికి లేరు, వాళ్ల కోడళ్లు పంపారు. తెలుపు తిరిగిన ఎరుపులు, వెలిసిన పచ్చలు, పొగచూరిన వాసన, పెట్టెలో దాచిన కలరా ఉండల వాసన. వాటిని మడతపెడుతుంటే ఎందుకో ఊరికే ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు నేను ఒక్కదాన్నే ఆ బండికి ఋణపడ్డాననుకుని గొప్పలు పోయాను.

చీరల మూట ఎత్తుకుని ఎమ్మిగనూరు వెళ్లాను. బొంత ఒంటి చేత్తో కుట్టేది కాదు, ఎదురెదురుగా ఇద్దరు కూర్చోవాలి. సిద్దమ్మవ్వ చూపు తగ్గినా వేళ్లకు ఇంకా దారి తెలుసు. ఆమె ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి టాకాలు వేసుకుంటూ నడిమికి వస్తున్నాం. మధ్యలో మా అమ్మ చీర ఒకటి వేశాను. బిస్కెట్ రంగుది, అంచు చిరిగింది. సిద్దమ్మవ్వ దాన్ని తడిమి “మీయమ్మది గదా” అంది. నేను చెప్పకముందే అంది.

“ఈ తట్టు మందంగా ఉండల్ల” అని కాసేపటికి ఒక మూల చూపించింది. “తల ఈ పక్కకు వస్తాది. కిటికీ పక్కకు.”

“అట్లనే.”

“కిటికీకి పరదా కిందిదాకా కుట్టొద్దు. తెల్లారుజామున డాక్టరమ్మ నిచ్చెన దిగుతాంటే కిటికీలో నుంచి కాళ్లు కనపడతాండె. ముందర మడమలు, మళ్లా చీర కుచ్చిళ్లు. ఆ కాళ్లు కనపడితే సాలు, దిగ్గున లేసి పొయ్యి అంటిచ్చి నీళ్లు పెడతాంటి. పరదా ఉంటే యాడ కనపడతాది?”

నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ కిటికీకి కొలత తీసింది నేను, పరదా కుట్టింది నేను. అది మంచం ఎత్తుకే ఉంటుంది. నేల మీద పడుకున్న మనిషికి మంచం అడుగు బల్ల తప్ప ఏమీ కనిపించదు. తల కిటికీ పక్కకు పెట్టి మంచం మీద పడుకుంటేనే ఆ నిచ్చెనా, దిగే కాళ్లూ కనిపిస్తాయి.

“అవ్వా” అన్నాను. “మంచం మింద పండుకునేది నువ్వా?”

ఆమె సూదిని గుడ్డలో గుచ్చేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. హనుమంతమ్మ వింటున్నదేమోనని లోపలికి చూసింది.

“తల్లులు లేని పొద్దు” అంది చిన్నగా. “మొదట్లో నేను కిందనే పండుకున్నా. డాక్టరమ్మ సూసి కోప్పడింది. ‘రాత్రంతా ఆ తల్లుల బరువు మోసేది నీ నడుము. నాది కాదు. నీ నడుము పోతే నా బండి నిలిసిపోతాది. పైకెక్కు’ అనింది. నేను ఎక్కనంటే ఎక్కనన్నా. అయితే నేనూ లోపల పండుకోనని సాప సంకలో పెట్టుకుని మిద్దెక్కింది. అంతే, ఇంగ దిగలేదు. వానొస్తే డైవరు సీట్లో వచ్చి కూసుంటాండె గాని నన్ను లేపేది కాదు.”

“ఇన్నేండ్లు ఎందుకు సెప్పలేదు?”

“ఎట్ల సెప్పేదే? మాయమ్మకు సెప్తే సెంప మింద కొట్టింది. ‘అంత పెద్ద డాక్టరమ్మను మిద్దెక్కిచ్చి నువ్వు మంచమెక్కినావా, ఎవురన్నా వింటే ఏమనుకుంటారు’ అని. ఆ పొద్దు నుంచి ఎవురికీ సెప్పలేదు. నన్ను అన్నా పరవాలేదు. డాక్టరమ్మను తక్కువగా అనుకుంటారని.”

బస్సులో కూర్చుని నేను కడిగిపారేసిన డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఆమె పటం ఎక్కడుందో నాకు తెలియదు. ఉంటే అప్పుడే పోయి ఆ పటం ముందు చెంపలు వేసుకునేదాన్ని. లేదు కాబట్టి ఎదురుగా ఉన్న మనిషి రెండు చేతులూ పట్టుకున్నాను. నీలిరంగు తిరిగిన బిడ్డను పట్టుకున్న చేతులు అవి.

“అవ్వా, నేను బతికినందుకు నీకు ఎన్నడూ సరిగ్గా సెప్పుకోలేదు. కాళ్లు మొక్కి వచ్చేస్తాంటి. నువ్వు ఊదకపోతే నేను లేను, నా పిల్లోళ్లు లేరు. నువ్వు మంచం మింద పండుకున్నావని విని నాకు ఎంత సంతోషంగా ఉందో నీకు తెల్దు. నిన్ను అట్ల సూసుకున్నందుకు డాక్టరమ్మకు కూడా దండం పెట్టుకుంటాను.”

ఆమె చేతులు వెనక్కి లాక్కోలేదు. “ఏడువు, ఏడువు. ఆ పొద్దూ అడిగితేగాని ఏడవలేదు నువ్వు” అంది. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

ఉదయ్‌కు ఫోనులో చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత “ఫైబరు బొమ్మలు వద్దమ్మా. మా వాళ్లకు నేను చెబుతాను. మంచం మీద మీ బొంత ఉంటుంది, మిద్దె మీద డాక్టరమ్మగారి చాప ఉంటుంది. ఎవరిది ఏ చోటో చెబుతూ బయట పలక మీద ఇద్దరి పేర్లూ రాయిస్తాను” అన్నాడు.

“రెండు పేర్లూ ఒగే సైజులో రాయించు సారూ” అన్నాను. సామ్సన్ పక్కనుంచి దగ్గాడు.

బండి వెళ్లే రోజున సిద్దమ్మవ్వను మళ్లీ రప్పించాను. లారీ డ్రైవరు ఎండ ముదరకముందే బండిని లారీ ఎక్కించుకుని బయలుదేరాలని తొందరపడుతున్నాడు. నేను బొంత పరిచి “అవ్వా, అద్దాలు బిగిస్తే ఇంగ ఎవుర్నీ ఎక్కనివ్వరు. ఒగసారి పండుకో” అన్నాను. వద్దంది, సిగ్గుపడింది, డ్రైవరు చూస్తున్నాడంది. చివరికి కిటికీ వైపు తల పెట్టి ఒరిగింది. మా అమ్మ చీర ఉన్న చోట చెంప ఆనించింది. ఏదో చెబుతూ చెబుతూ నిద్రపోయింది.

నేను ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను. డ్రైవరు గొణుగుతుంటే ఉదయ్ అతన్ని పిలుచుకుపోయి పక్కన ఉగ్గాని బజ్జీ తినిపించాడు. పైన సామ్సన్ చప్పుడు కాకుండా, చెప్పులు కింద విడిచి, నేను కొన్న ఈతచాపనే డాక్టరమ్మ చాపగా తాళ్లతో కడుతున్నాడు. కట్టడం అయ్యాక మెల్లగా నిచ్చెన దిగసాగాడు. కిటికీలో ఆయన మడమలు కనిపించాయి.

సిద్దమ్మవ్వ కళ్లు తెరిచింది. ఆ కాళ్లను చూసింది.

“దిగినావా అమ్మా” అంది. “ఉండు, నీళ్లు పెడతా.”

అని దిగ్గున లేచి కూర్చుంది. ఎదురుగా పొయ్యి లేదు, నేను ఉన్నాను. ఒక్క క్షణం ఎవరో పోల్చుకోనట్టు చూసింది. బయట సామ్సన్ నిచ్చెన మధ్యలోనే ఆగిపోయాడు, కిందికీ దిగలేక పైకీ ఎక్కలేక. నేను లేచి ఆమెను పట్టుకున్నాను. ఆమె నా భుజం మీద తల పెట్టి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, నిమ్మళంగా దిగింది.

బొంత మీద ఆమె పడుకున్న చోట గుంట పడింది. అలవాటు కొద్దీ చరచడానికి చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించేశాను.

ఉదయ్ తలుపు మూయడానికి వచ్చి చూశాడు. “సాపు చేయలేదమ్మా” అన్నాడు.

“అట్లనే ఉండనీ సారూ. ఆమె చోటు అది.”

అతను మెల్లగా తలుపు మూశాడు. సిద్దమ్మవ్వ ఆటోలో కూర్చుని తల ఎత్తి బండి మిద్దె వైపే చూస్తోంది. “సామ్సనూ, డాక్టరమ్మ సాప గట్టిగా కట్టినావా నాయనా? దోవలో గాలి ఎక్కువ ఉంటాది” అంది. ముందే గట్టిగా కట్టి ఉన్నా, ఆయన మళ్లీ నిచ్చెన ఎక్కి ఇంకో ముడి వేసి వచ్చాడు.